వేలా? బిళ్లా?

అన్నం చేత్తో కలుపుకుని తినాలా, చెంచాతో తినాలా అన్న తగువు మన ఇళ్లలో పెళ్లి భోజనాల దగ్గర ఎప్పుడూ ఉన్నదే. చేతివాళ్లకి చెంచావాళ్లు దొరల్లా కనిపిస్తారు. చెంచావాళ్లకి చేతివాళ్లు మోటుగా కనిపిస్తారు. అన్నం మాత్రం ఎలా తిన్నా అరుగుతూనే ఉంటుంది. సరిగ్గా ఇలాంటి తగవే బేస్ గిటారు వాయించేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి సాగుతోందని మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది నాకు. వాడు వేళ్లతో వాయిస్తాడు. వాడి స్నేహితుడు పిక్‌తో వాయిస్తాడు. పిక్ అంటే మరేం లేదండీ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకునే చిన్న ముక్కోణపు ప్లాస్టిక్ బిళ్ల. "బిళ్లతో వాయించేది బేసే కాదత్తా!" అంటాడు మావాడు, ఎవరో వాడి ఆస్తి కాజేసినట్టు.

వీణ నేర్చుకున్నవాళ్లకి ఇది వింతగా ఉండదు. మా పంతులమ్మగారు గోళ్లతో మీటేవారు. పక్కవీధి మాస్టారి శిష్యులు వేళ్లకి తీగచుట్లు తొడుక్కుని మీటేవారు. ఆ రెండిళ్ల మధ్యా మాటల్లేవు! అందుకే ఈ పరాయి దేశపు పేచీ పుట్టుపూర్వోత్తరాలేమిటో చూద్దామనిపించింది.

ముందు బేస్ సంగతి. పాటలో బేస్ పోపులో ఇంగువలాంటిది. కంటికి ఆనదు, లేకపోతే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. గాయకుడి గొంతు కిందా, తబలా డ్రమ్ముల పక్కనా, అడుగున గుమ్ గుమ్ మని నడిచే మందర ధ్వని అది. పూర్వం ఆ పని డబుల్ బేస్ చేసేది. మనిషికంటె ఎత్తు, వయొలిన్‌కి పెత్తాతలా ఉంటుంది. పక్కన నిలబడి, వేలితో లాగి వాయించాలి. మోసుకుపోవడం ఒక యజ్ఞం. ఇంతా చేసి, బాకాలూ డ్రమ్ములూ మొదలయ్యాయంటే దాని గొంతు పీలగా అయిపోయేది, పాపం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ ఊళ్లో లియో ఫెండర్ అని ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. గిటారు వాయించడం రాని మనిషి. వంట రానివాడు పొయ్యి చేసినట్టు, ఆయన 1951లో కరెంటుతో పనిచేసే బేస్ గిటారు తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. భుజానికి తగిలించుకోవచ్చు. వీణకున్నట్టే మెట్లుంటాయి కాబట్టి స్వరం పక్కకి జరగదు. అందుకే దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు, అంటే ఖచ్చితం అని.

ఇక్కడో తమాషా ఉంది. ఆ కొత్త వాయిద్యం మీద తీగలకి కింది వైపున ఒక చిన్న కమ్మీ బిగించాడాయన. వేళ్లు ఆ కమ్మీకి ఆనించి, బొటనవేలితో తీగ మీటుతారని ఆయన ఊహ! లయొనెల్ హాంప్టన్ బృందంలో మంక్ మాంట్‌గోమరీ లాంటి తొలి వాద్యకారులు బొటనవేలితోనే వాయించారు కూడా. తర్వాత జనం ఆయన మాట వినలేదు. చేసేదిలేక 1970ల నడుమ కంపెనీవాళ్లే ఆ కమ్మీని తీసి తీగలకి పైవైపు బిగించారు, బొటనవేలు ఆనించుకుని మిగతా వేళ్లతో వాయించుకోండని. అంటే ఇవాళ వేళ్లవాళ్లూ బిళ్లవాళ్లూ "అసలు పద్ధతి మాదే" అని కొట్టుకుంటున్నారుగానీ, తయారుచేసినవాడి లెక్కలో ఈ ఇద్దరూ లేరన్నమాట.

మరి ఈ రెండు పద్ధతులూ ఎక్కణ్ణించి వచ్చాయి? పుట్టింటి నుంచి. కొత్తకోడలు అత్తారింట్లో మొదటిసారి చారు పెడితే అందులో వాళ్లమ్మ పోపే వాసనేస్తుంది కదా, అలాగే. డబుల్ బేస్ వదిలి ఇటు వచ్చినవాళ్లు వేళ్లు తెచ్చుకున్నారు. గిటారు వదిలి వచ్చినవాళ్లు బిళ్ల తెచ్చుకున్నారు. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ 1961లో బేస్ వాయించే మనిషి మానేస్తే ఆ స్థానంలోకి వచ్చిన గిటారు కుర్రాడే. కనుక బిళ్లతోనే వాయించాడు.

వేలి పుట్టిల్లు చూడాలంటే జేమ్స్ జేమర్సన్ని చూడాలి. దక్షిణ కెరొలైనాలో 1936లో పుట్టి, తల్లి వెంట డెట్రాయిట్ చేరిన నల్లజాతి యువకుడు. డబుల్ బేస్ నేర్చుకున్నాడు. ఫెండర్ బేస్ చేతికొచ్చాక కూడా కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఒకే ఒక్క వేలండీ! తోటివాళ్లు దానికి 'కొక్కెం' అని ముద్దుపేరు పెట్టారు. మోటౌన్ అనే రికార్డుల సంస్థవారి ఇంటి నేలమాళిగలో కూర్చుని ఆ ఒక్క వేలితో 1960లలో ఎన్ని పాటలకి ప్రాణం పోశాడో. 'మై గర్ల్' పాట మొదట్లో గుండె కొట్టుకున్నట్టు వినిపించేది ఆ వేలే. పాత తీగలు మార్చేవాడు కాదు. వాటి కింద స్పాంజి ముక్క పెట్టి మోత అణిచేవాడు.

బిళ్ల వైపు మనిషి ఆడమనిషి. పేరు కరోల్ కే. 1935లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ వాద్యకారులే, చేతిలో డబ్బు మాత్రం లేదు. పదమూడో ఏట తల్లి, ఇంటికొచ్చి అమ్మే మనిషి దగ్గర ఒక స్టీలు గిటారు కొనిపెట్టింది. మరుసటేడు నుంచే పాఠాలు చెప్పి సంపాదించడం మొదలెట్టింది ఈ పిల్ల. పెద్దయ్యాక పగలు టైపిస్టు ఉద్యోగం, రాత్రి లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో జాజ్ గిటారు. వెనక పిల్లలు, తల్లి. క్లబ్బుల్లో వచ్చేది చాలక 1957 నుంచి రికార్డింగులకి వెళ్లసాగింది. 1963లో ఒకనాడు కాపిటల్ రికార్డ్స్ స్టూడియోలో బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. "నువ్వు పట్టుకోమ్మా" అన్నారు. పట్టుకుంది. పిక్‌తో వాయించింది, ఎందుకంటే ఆవిడ గిటారు మనిషి. పైగా, రికార్డింగులకి నాలుగేసి గిటార్లు మోసుకుపోయే బదులు ఒక్క బేస్ చాలు కదా అనుకుందట. ఆ మాట నాకు భలే నచ్చింది. సంసారం ఈదే ఆడదాని లెక్క అది.

బీచ్ బాయ్స్ వారి 'పెట్ సౌండ్స్' (1966) పాటలు చాలావాటికి ఆవిడ బేసే. మన పిల్లలు కూడా ఎరిగిన 'మిషన్ ఇంపాజిబుల్' టీవీ బాణీలో అడుగున ఉరికేది ఆవిడ పిక్కే. 1968లో వచ్చిన 'విచిటా లైన్‌మన్' పాట మొదట్లో కిందికి దిగే ఆ ఆరు స్వరాల పలుకూ ఆవిడదే. మగవాళ్లతో నిండిన గదుల్లో తానొక్కతే ఆడమనిషిగా కూర్చుని వేలకొద్దీ పాటలు వాయించింది. 1969లో బేస్ ఎలా వాయించాలో పుస్తకం రాసి, సొంతంగా అచ్చువేసుకుని అమ్మింది కూడా.

పిక్ పట్టుకోవడం చేతకానితనమని మావాడిలాంటివాళ్లు అంటారే, అది నేనొప్పుకోను. తీగని మెత్తటి కండ తాకితే ధ్వని గుండ్రంగా మొదలవుతుంది. ప్లాస్టిక్ తాకితే ముందు 'టక్' మని ఒక అంచు వస్తుంది, ఆ వెనక ధ్వని వస్తుంది. ఆ రోజుల్లో పాటలు వినేది కారు రేడియోల్లో, అరచేతి ట్రాన్సిస్టర్లలో. వాటి బుల్లి స్పీకర్లకి మందర ధ్వని పలికే శక్తి లేదు. ఆ 'టక్' వినిపిస్తే చెవి మిగతాది తనంతట తాను పూరించుకుంటుంది. నాష్‌విల్‌లో అయితే డబుల్ బేస్ వాయిస్తుంటే పక్కన మరొకరు ఆరు తీగల బేస్ మీద అవే స్వరాలు పిక్‌తో టిక్కు టక్కు మనిపించేవారు, ఈ ఒక్క కారణానికే. స్టూడియోలో గంటల లెక్కన అద్దె నడుస్తుంటే ఒక్క తప్పూ లేకుండా స్పష్టంగా వాయించేవాళ్లే కావాలి. అయినా వినడానికి కూర్చున్నప్పుడు నా మనసు జేమర్సన్ వేలి వైపే మొగ్గుతుంది. అందులో పాడే గొంతు ఉంటుంది. ఏం చేస్తాం, నేనూ గోళ్లతో మీటే ఇంటి శిష్యురాలినే.

అయితే అసలు చిక్కు ఇంకోటుంది. కరోల్ కే కూడా తీగల మీద ఫెల్టు గుడ్డ ముక్క పెట్టి మోత అణిచేది. అక్కడ స్పాంజి, ఇక్కడ ఫెల్టు. ఇద్దరివీ గరుకులేని నున్నటి తీగలే. మోటౌన్‌కి లాస్ ఏంజెలెస్‌లో కూడా ఆఫీసుండేది. అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసే అలవాటు ఆ కంపెనీకి లేదు. (మన మద్రాసు సినిమా పాటల రికార్డుల మీదా అంతేగా! గాయకులు, సంగీత దర్శకుడు, కవి వరకే. బేస్ వాయించిందెవరో ఎవరు చూడొచ్చారు?) మోటౌన్ పాటలు కొన్ని తానే వాయించానని కరోల్ కే ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. కాదు, అవి జేమర్సన్‌వేనని డెట్రాయిట్‌లో ఆయనతో వాయించినవాళ్లూ, ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లూ గట్టిగా నిలబడ్డారు. అప్పుడు జనం పాత రికార్డులు ముందేసుకుని, ఇది వేలు, ఇది పిక్ అని చెవులు రిక్కించి సాక్ష్యాలు వెతకడం మొదలెట్టారు. పేరు అచ్చువేయడానికి ఎంత సిరా అవుతుందండీ? ఆ సిరా మిగుల్చుకున్న పాపానికి, ఇద్దరు కష్టజీవుల బతుకులు 'టక్' అనే చిన్న చప్పుడు మీద ఆధారపడ్డాయి.

జేమర్సన్ పేరు మొదటిసారి మోటౌన్ అట్ట మీదికి ఎక్కింది 1971లో, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద. సాటిలేనివాడని విశేషణంతో సహా వేశారు. మరుసటేడే కంపెనీ డెట్రాయిట్ వదిలి లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చింది. వెనకే వెళ్లిన ఆయనకి అక్కడ పని కుదరలేదు, తాగుడు పెరిగింది. 1983 మార్చిలో ఆ కంపెనీ ఇరవై అయిదేళ్ల పండగ ఘనంగా జరుగుతుంటే ఆయనకి పిలుపు లేదనీ, టిక్కెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చుని చూశాడనీ చెబుతారు. ఆ ఆగస్టు 2న పోయాడు, నలభై ఏడేళ్లకే. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే కీర్తిమందిరంలో ఆయన్ని చేర్చుకున్నది 2000లో.

కరోల్ కేని అదే మందిరంవారు 2025లో పిలిచారు, ఆవిడకి తొంభయ్యో ఏట. రానని చెప్పేసింది. ఆ లాస్ ఏంజెలెస్ వాద్యకారులందరినీ కలిపి 'రెకింగ్ క్రూ' అని పిలుస్తున్నారు. వాళ్లలో ఒక డ్రమ్మరు 1990లో రాసిన పుస్తకంతో వ్యాపించిన పేరది. తాము వాయించే రోజుల్లో ఎవరూ అలా పిలవలేదంటుంది ఈవిడ. వాయించినన్నాళ్లూ అట్ట మీద పేరు వెయ్యకుండా, ఇప్పుడు తనది కాని పేరుతో సన్మానం చేస్తామంటే ఒళ్లు మండదూ? నాకైతే ఆవిడ కోపం సబబుగానే తోచింది. మావాడికి ఈ సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయినా పిక్ పిక్కే అత్తా" అన్నాడు.