నాలుగు నిమిషాల గులాబీ చుక్క

ఆలూరు దాటితే నల్లరేగడి. పత్తి తీసేసిన చేలో మంద కట్టారు, ఎరువు కోసం రైతు పిలిపించుకున్న గొర్రెలు. ఇంకా ఎండెక్కలేదు. రాత్రి ఒక గొర్రె ఈసుకుపోయింది. కాపరి ఆ మాయను ఉత్త చేతులతో ఎత్తి చేనుగట్టు అవతల పారేశాడు, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. చూస్తున్న మీకు చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది.

"పగలు బాగనే ఉంటా సార్. పొద్దుగూకితే సలిజొరం. తెల్లారేసరికి సెమటకు గుడ్డలు తడిసిపోతాయి. నడుం పట్టేస్తాది."

డాక్టర్లు టైఫాయిడ్ అని మందులు ఇచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. గొర్రెలున్నాయా అని ఒక్కరూ అడగలేదు.

బస్సెక్కి అతనితో కర్నూలు రండి. "చెయ్యి ఇట్ల పెట్టు మామా" అంటాడు ల్యాబు కుర్రాడు. తీసిన రక్తం గడ్డకట్టాక పైకి తేలిన లేత పసుపు సీరం ఒక చుక్క తెల్లటి పలక మీద పడింది. పక్కన రోజ్ బెంగాల్ ద్రావణం ఇంకో చుక్క. గొర్రెలను ఈసుకుపోయేలా చేసి, మాయ నుంచి మనిషికి అంటే క్రిమి బ్రూసెల్లా. చంపేసిన ఆ క్రిములకు గులాబీ రంగు పట్టించి చేసిన ద్రావణం అది. ఫ్రిజ్‌లోంచి తీసి, చల్లదనం పోయాకే వాడాలి. రెండూ పుల్లతో కలిపి పలకను మెల్లగా ఊపుతున్నాడు. మొదటి నిమిషం ఏమీ లేదు. తర్వాత అంచున సన్నటి పలుకులు. నాలుగో నిమిషానికి పాలు విరిగినట్టు గులాబీ పలుకులు తేలిపోయాయి. పాజిటివ్.

క్రిమిని పెంచి చూడాలంటే రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. ల్యాబు వాళ్లకే అంటుకునే ప్రమాదం కూడా. అందుకే క్రిమిని వదిలి, దాని మీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను వెతికారు. ఈ జబ్బుకు పాత పేరు మాల్టా జ్వరం. 1897లో ఆల్మ్రోత్ రైట్ దానికి సీరం పరీక్ష కనిపెట్టాడు. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ అదే పద్ధతిలో మాల్టా మేకల రక్తం పరీక్షించి, జ్వరం మూలం వాటిలోనే ఉందని తేల్చాడు. మరుసటి ఏడు అక్కడి బ్రిటిష్ సైనికులకు మేకపాలు ఆపేస్తే జ్వరాలు పడిపోయాయి.

పాత జబ్బు ఆనవాళ్లకూ పలుకులు రావచ్చు కాబట్టి ట్యూబు పరీక్షతోనో ఎలైజాతోనో ఖాయం చేసుకోవాలి. ఆపైన డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు. మధ్యలో మానితే తిరగబెడుతుంది.

2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఈ జబ్బు టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు, గేదె పెయ్యలకే. గొర్రెలు ఆ లెక్కలో లేవు. గొర్రెల మీద బతికే ఈ సీమకు అది అన్యాయమే.

మాయను ఉత్త చేతులతో ముట్టకండి, లోతుగా పూడ్చండి. పాలు కాచే తాగండి. జ్వరం విడవకపోతే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "నాకు గొర్రెలున్నాయి, బ్రూసెల్లా పరీక్ష రాయండి."