మట్టిపలకలపై జనజీవితం

రాజులు చెక్కించిన శాసనాలు భావితరాల కోసం. గుమాస్తాలు వ్రాసిన లెక్కలు ఆ నెల గడవడం కోసం. ప్రాచీన మెసొపొటేమియా చరిత్ర పరిశోధకునికి ఈ రెండవ రకం ఆధారాలే అపారంగా లభించాయి. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల దిగువ మైదానంలో రాయికీ, మంచి కలపకూ కొరత. మట్టికీ, రెల్లుకూ కొదువ లేదు. తడిమట్టిని అరచేతిలో ఇమిడే పలకగా చేసి, రెల్లుపుల్ల మొనతో నొక్కితే మేకు ఆకారంలో గుర్తు పడుతుంది. ఆ ఆకారాన్ని బట్టే పాశ్చాత్యులు ఈ లిపికి క్యూనిఫారం అని పేరు పెట్టారు. తాళపత్రానికి చెదలు, కాగితానికి నిప్పు శత్రువులు. మట్టిపలకకు మాత్రం నిప్పు మిత్రమే అయింది. ఊరు తగలబడితే పలక కాలి మరింత గట్టిపడింది.

ఈ లిపి పుట్టింది కావ్యం కోసం కాదు, పద్దు కోసం. దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో క్రీ.పూ. 3300 ప్రాంతం నుండి కనిపించే తొలి పలకలు దాదాపు 5,000. వాటిలో పదింట తొమ్మిది వంతుల వరకు ధాన్యం, గొర్రెలు, బీరు, బట్టలు, కూలీలకు సంబంధించిన లెక్కలే. మిగిలినవి విద్యార్థులు వల్లె వేయడానికి కూర్చిన పదాల పట్టికలు. వాటిలో ఒకటి ఉద్యోగ పదవులను వరుసగా పేర్కొనే పట్టిక. పదవులు మారినా, కొన్ని పేర్లకు అర్థమే మరుగున పడినా, లేఖకులు దానిని వేయి సంవత్సరాలకు పైగా అక్షరం మార్చకుండా ఎత్తివ్రాస్తూ వచ్చారు. కార్యాలయాల ఆచారం ఎంత మొండిదో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

క్రీస్తుశకారంభం నాటికి ఈ లిపిని చదవగలవారు దాదాపు కరవయ్యారు. దానికి మళ్ళీ నోరు తెప్పించినవారిలో ముఖ్యుడు హెన్రీ రాలిన్సన్. 1827లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా భారతదేశానికి వచ్చిన ఈ అధికారి, తరువాత పర్షియాకు బదిలీ అయి, బెహిస్తూన్ కొండపై మొదటి డేరియస్ మూడు భాషలలో చెక్కించిన శాసనానికి ప్రతి తీశాడు. ఐర్లండు మతాచార్యుడు ఎడ్వర్డ్ హింక్స్ కృషి అంతకు తక్కువది కాదు. కీర్తి మాత్రం కొండ ఎక్కినవానికే ఎక్కువగా దక్కింది. 1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒక పరీక్ష పెట్టింది. మొదటి తిగ్లత్‌పిలేసర్ శాసనాన్ని రాలిన్సన్, హింక్స్, ఒప్పెర్, టాల్బట్ విడివిడిగా అనువదించి, ముద్ర వేసిన కవరులలో పంపారు. నాలుగు అనువాదాలూ ముఖ్యాంశాలలో కలిశాయి. ఆనాటి నుండి అస్సీరియా భాష చదవబడిన భాష అయింది. సుమేరు భాషకు మరికొంత కాలం పట్టింది, ఎందుకంటే దానికి తెలిసిన ఏ భాషతోనూ చుట్టరికం లేదు.

చదవడం సాధ్యమైన తరువాత అసలు చిక్కు మొదలైంది. ఎవరి మాట నమ్మాలి? లగాష్ రాజ్యాన్ని క్రీ.పూ. 24వ శతాబ్దంలో ఏలిన ఉరుఇనిమ్‌గిన తన సంస్కరణలను మట్టి శంకువులపై వ్రాయించాడు. పాత గ్రంథాలు ఇతనినే ఉరుకగిన అన్నాయి. తనకు పూర్వం అధికారులు ప్రజలను పీడించారనీ, శవాన్ని పూడ్చడానికి సైతం 7 కుండల బీరు, 420 రొట్టెలు గుంజుకునేవారనీ, తాను దానిని 3 కుండలకు, 80 రొట్టెలకు తగ్గించాననీ చెప్పుకున్నాడు. రాజకుటుంబం ఆక్రమించిన పొలాలను దేవతలకు తిరిగి అప్పగించానని కూడా అన్నాడు. ఈ శంకువులు ఒక్కటే దొరికి ఉంటే అతడు ధర్మప్రభువుగా చరిత్రలో నిలిచిపోయేవాడు. కాని ఆ కాలపు రాణివాసపు ఎస్టేటు లెక్కలు 1,500కు పైగా పలకలలో బయటపడ్డాయి. వాటిని బట్టి ఎస్టేటు పేరు బావు దేవత ఇల్లుగా మారింది. అజమాయిషీ మాత్రం రాణి షాషా చేతిలోనే ఉన్నది. పనివారి సంఖ్య, రాబడి పెరిగాయి. రాజు అబద్ధం చెప్పాడని దీని అర్థం కాకపోవచ్చు. దేవతకు ఇచ్చిన భూమిని దేవత తరఫున ఎవరు దున్నిస్తారన్న ప్రశ్నకు శాసనంలో సమాధానం లేదు. అది లెక్కలలో ఉన్నది.

ఊర్ నగరపు మూడవ రాజవంశం (క్రీ.పూ. 2112-2004) నాటికి ఈ లెక్కలు వరదలా పెరిగాయి. దాదాపు శతాబ్దం పాటు సాగిన ఆ పాలన నుండి లక్షకు మించిన పలకలు లభించాయి. రాజ్యపు నేతశాలలలో వేలాది స్త్రీలు పనిచేసేవారు. నెల బత్తెం పురుషునికి సుమారు 60 సిలాలు, స్త్రీకి 30 సిలాల బార్లీ. సిలా అంటే ఇంచుమించు లీటరు. మేస్త్రీకి అప్పగించిన కూలీల పనిదినాలను ఒకవైపు, జరిగిన పనిని మరొకవైపు వ్రాసి, తేడాను బాకీగా మరుసటి సంవత్సరానికి ఎక్కించేవారు. నిర్ణయించిన పని అందుకోలేనంత హెచ్చుగా ఉండడం వల్ల బాకీ ఏటేటా పెరిగేది. మేస్త్రీ మరణిస్తే అది వారసుల మెడకు చుట్టుకునేది. క్రూరత్వం గురించి ఒక్క మాటైనా లేని ఈ పద్దుల వరుసలలో ఆ వ్యవస్థ బరువు స్పష్టంగా తెలుస్తుంది.

లెక్కలలో మనుషులు అంకెలు మాత్రమే. వారి గొంతు వినబడేది ఉత్తరాలలో. ఆ ఉత్తరాలలో అన్నిటికంటే సజీవమైనవి టైగ్రిస్ ఒడ్డున ఉన్న అస్సూర్ నగర వర్తకులవి. అస్సీరియా అనగానే రథాలు, ముట్టడులు స్ఫురించడం అలవాటైపోయింది. క్రీ.పూ. 19వ శతాబ్దంలో అది సామ్రాజ్యం కాదు, వ్యాపారనగరం. అక్కడి నుండి తగరం, బట్టలు గాడిదల బిడారులపై వేయి కిలోమీటర్లకు పైగా, సుమారు ఆరు వారాల ప్రయాణంతో అనటోలియాలోని కనేష్‌కు చేరేవి. బదులుగా వెండి, బంగారం వచ్చేవి. నేటి తుర్కియేలోని కైసేరి పట్టణం దగ్గర కుల్‌తెపె దిబ్బ ప్రక్కన 1925లో చెక్ పండితుడు బెద్రిహ్ హ్రోజ్నీ ఆ వర్తకుల ఇళ్ళను గుర్తించాడు. 1948 నుండి తహ్సిన్ ఓజ్‌గుచ్ దశాబ్దాల పాటు అక్కడ త్రవ్వకాలు సాగించాడు. ఇప్పటికి సుమారు 23,000 పలకలు వెలికివచ్చాయి. ఉత్తరాలకు మట్టితోనే కవర్లు చేసి పైన ముద్ర వేసేవారు.

భర్తలు కనేష్‌లో, భార్యలు అస్సూర్‌లో. ఇల్లు నడపడం, బిడ్డలను పెంచడమే కాక ఎగుమతికి బట్టలు నేయడం, నేయించడం స్త్రీల పని. పుషుకెన్ అనే పెద్ద వర్తకుని భార్య లమస్సి వ్రాసిన ఉత్తరాలు చదివితే నాలుగు వేల ఏళ్ళ దూరం తొలగిపోతుంది. బట్టలో ఉన్ని ఎంత పెట్టాలన్న విషయంలో భర్త పెట్టిన వంకలకు ఆమె జవాబు చెబుతుంది. తన బట్టల తాలూకు వెండి పంపమంటుంది. నీవు వెళ్ళినప్పటి నుండి షలిమ్‌అహుమ్ ఇల్లు కట్టేశాడు, మనం ఎప్పుడు కడతామని నిలదీస్తుంది. కూతురు ఎదిగింది, వచ్చి దేవుని పాదాల వద్ద ఉంచమని గుర్తుచేస్తుంది. ఇందులో వేడుకోలు ఉన్నా, దాసీభావం లేదు. ఇది తన పెట్టుబడికి లెక్క అడిగే స్త్రీ గొంతు. ఏ రాజశాసనమూ ఈమె పేరు ఎత్తలేదు.

మరో సంగతి సుంకాల శాఖవారికి రుచించవచ్చు. బిడారులు రాజప్రాసాదానికి పన్ను చెల్లించక తప్పదు. కనుక ఇరుకు దారిని పోవడం అనే మాట ఈ ఉత్తరాలలో తరచు కనబడుతుంది. దొంగదారిన సరుకు తరలించడమని దాని భావం. అటువంటి సరుకు పట్టుబడి, పుషుకెన్ అంతటివానిని ప్రాసాదం చెరలో పెట్టిన వార్త కూడా ఒక పలకలో ఉన్నది.

తరువాతి అస్సీరియా సామ్రాజ్యం గురించి ఎక్కువగా వ్రాయబడింది గనుక ఇక్కడ ఒక్క మాట చాలు. తాను కఠినమైన పలకలను సైతం చదవగలనని గర్వించిన అషుర్‌బనిపాల్ (క్రీ.పూ. 669-631) నినెవేలో కూర్చిన గ్రంథాలయం, క్రీ.పూ. 612లో నగరం తగలబడినప్పుడు శిథిలాల క్రింద భద్రపడింది. 19వ శతాబ్దంలో లేయార్డ్, మోసుల్ వాసి హొర్ముజ్ద్ రస్సామ్ వెలికితీసిన సుమారు 30,000 పలకలు, శకలాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో గిల్గమేష్ గాథ ఉన్నది, శకునశాస్త్రం ఉన్నది. నినెవే పలకలలోనే ఉరద్‌గుల అనే ఆస్థాన మాంత్రికుడు రాజుకు పెట్టుకున్న అర్జీ కూడా ఉన్నది. కొలువులో తన స్థానం పోయింది, ఒకనాడు వాహనమెక్కి తిరిగినవాడు నేడు కాలినడకన పోతున్నాడని జనం చూస్తున్నారు, చెప్పులు కొనుక్కునే స్థోమత కూడా లేదని అతని మొర.

ఇటువంటి పలకలు ప్రపంచంలోని మ్యూజియాలలో లక్షల సంఖ్యలో ఉన్నాయి. చదివేవారు కొద్దిమందే. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని ఇరాక్ జాతీయ మ్యూజియం దోపిడీకి గురైంది. ఆ తరువాతి సంవత్సరాలలో దక్షిణ ఇరాక్ దిబ్బలను దొంగలు గోతులుగా మార్చారు. 2021లో అమెరికా సుమారు 17,000 వస్తువులను ఇరాక్‌కు తిరిగి అప్పగించింది. పలక తిరిగివచ్చినా, అది ఏ ఇంటి ఏ గదిలో, ఏ పలకల ప్రక్కన ఉండేదో తిరిగిరాదు. లమస్సి ఉత్తరం ఆమె భర్త లెక్కలతో జత కుదిరితేనే చరిత్ర. విడిపోతే అది అందమైన మట్టిముద్ద.

ఈ పలకలతో భారత ఉపఖండానికి ఉన్న సంబంధం కూడా లెక్కల ద్వారానే తెలుస్తున్నది. మెలుహ్హా, మగాన్, దిల్మున్ దేశాల ఓడలు తన అక్కాద్ రేవులో లంగరు వేశాయని క్రీ.పూ. 24వ శతాబ్దిలో సార్గాన్ చెప్పుకున్నాడు. దంతం, ఎర్రరాతి పూసలు, మేలైన కలప పంపిన మెలుహ్హా సింధులోయ నాగరికతా ప్రాంతమేనని పండితులలో అధికుల అభిప్రాయం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఒక ముద్రపై షుఇలిషు అనే దుబాసీ పేరు ఉన్నది. అతడు మెలుహ్హా భాషకు దుబాసీ. సింధు లిపి ఇంతవరకు చదవబడలేదు గనుక, ఆ భాషలో అతడు ఏమి మాట్లాడాడో వినే మార్గం లేదు. ఊర్ మూడవ రాజవంశం కాలంలో లగాష్ ప్రాంతపు లెక్కలలో మెలుహ్హా గ్రామం ఒకటి కనిపిస్తుంది. ఇతర గ్రామాలవలెనే అదీ బార్లీ జమకట్టేది. ఆ పలకలలో మెలుహ్హా కుమారుడని పేర్కొనబడిన ఒకని పేరు ఉర్‌లమ్మ. అది అచ్చమైన సుమేరు పేరు.