దేవుడి గూడు లేని ఇల్లు

మొన్న మా తమ్ముడి భార్య ఫోన్ చేసి, "అమ్మాయికొచ్చిన సంబంధం వదులుకుంటున్నాం వదినా" అంది.

"అదేమిటే, పిల్లవాడు బుద్ధిమంతుడు, కట్నం ఊసే ఎత్తలేదన్నావుగా?"

"అన్నీ బాగానే ఉన్నాయి. దేవుడు లేడంటాడట! దేవుడికే భయపడనివాడు రేపు పెళ్ళానికి అన్యాయం చెయ్యడని ఏమిటి నమ్మకం?"

నాకు చప్పున జవాబు తోచలేదు. రెండుపూటలా దీపం పెట్టేదాన్నే నేనూ. ఫోన్ పెట్టేశాక మాత్రం విజయవాడ పటమటలోని ఒక ఇల్లు మనసులో మెదిలింది. దేవుడి గూడు లేని ఇల్లు.

గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావుగారు 1902లో పుట్టారు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. 1922లో పెళ్ళయ్యేనాటికి సరస్వతిగారికి పదేళ్ళు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడలో ఆయన ఉద్యోగం పోయింది. సంసారం గలవాడు, నోరు మెదపకుండా ఊరుకుంటే జీతం వచ్చేదేగా! ఊరుకోలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని పటమటకు మార్చారు. పిల్లల పేర్లు చూడండి: ఉప్పు సత్యాగ్రహం నాటివాడు లవణం, యుద్ధకాలంలో పుట్టినవాడు సమరం, తొమ్మిదో బిడ్డ నౌ!

సరస్వతిగారు కడుపుతో ఉండి, నలుగురి ఎదుటా గ్రహణం చూశారు. నిప్పుల మీద నడిచి, అందులో మహిమ ఏమీ లేదని చూపించారు. 1980 ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు నాకు పెద్దవాడు కడుపులో ఉన్నాడు. మా అత్తగారు నన్ను గదిలో పెట్టి తలుపేశారు. కాలైనా ముడుచుకోకుండా పడుకున్నాను. అది భక్తి అనుకున్నాను కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఉత్త భయమే. ఆ రోజుల్లోనే మా ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు ఉండేది. దేవుడి గూటికి ఎదురుగానే ఉండేది. మాకెవరికీ తప్పనిపించలేదు.

గోరాగారు చెప్పింది ఇంతే. తలరాత రాసేవాడు పైన లేడనుకుంటే, పేదరికానికీ అంటరానితనానికీ పూర్వజన్మ కర్మ అని వంక చెప్పి తప్పుకోలేం. చేసింది మనమే, సరిదిద్దాల్సిందీ మనమే. భయం పోతే బాధ్యత పోదు, ఇంకా మీద పడుతుంది.

చెప్పడం సులువే. ఇంటిదాకా వచ్చినప్పుడు కదా అసలు పరీక్ష! పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలని నిశ్చయించారు. గాంధీగారు సంతోషించి, సేవాగ్రామంలో తానే పెళ్ళి జరిపిస్తానన్నారు. దేవుడి పేరు లేకుండా, సత్యం పేరున జరిపించడానికి కూడా ఒప్పుకున్నారు. ఎవరు? నిత్యం రామనామం జపించే మనిషి! దేవుడే సత్యం అంటూ వచ్చిన ఆయన 1931 నాటికి సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. దేవుణ్ణి కాదనేవాడు కూడా సత్యాన్ని కాదనడు కదా! పెళ్ళి చూడకుండానే 1948 జనవరిలో ఆయన హత్యకు గురయ్యారు. అయినా ఇచ్చిన మాట ప్రకారం ఆ మార్చిలో సేవాగ్రామంలోనే పెళ్ళయింది.

తరవాత లవణంగారు జాషువాగారి అమ్మాయి హేమలతగారిని చేసుకున్నారు. ఆవిడ స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం పాటుపడ్డారు. ఆడపిల్లల్ని జోగినులుగా మార్చింది దేవుడి పేరు మీదే సుమా! దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది.

అలాగని నాస్తికులంతా ఉత్తములని నేననను. దేవుణ్ణి కాదన్న స్టాలిన్ ఏలుబడిలో ఎన్ని లక్షలమంది ప్రాణాలు పోయాయో చరిత్రలోనే ఉంది. దేవుడు లేడనుకున్నంత మాత్రాన మంచితనం వచ్చిపడదు. ఉన్నాడనుకున్నా అంతే.

మరి కష్టమొస్తే వీళ్ళు ఎవరికి మొక్కుకుంటారు, బతుక్కి అర్థమేమిటి అంటారా? గోరాగారు 1975లో పోయారు. సరస్వతిగారు ఆ తరవాత 31 ఏళ్ళు, 2006 దాకా, ఆ కేంద్రాన్నే అంటిపెట్టుకుని పనిచేశారు. ఆవిడ ఓదార్పు ఏమిటో నాకు అందులోనే కనిపించింది. నాకైతే దీపం వెలిగిస్తే గాని మనసు కుదుటపడదు. ఎవరి మనసు వారిది.

మర్నాడు నేనే మా మరదలికి ఫోన్ చేశాను. "ఆ అబ్బాయి దేవుణ్ణి నమ్ముతాడా అని అడగడం మానెయ్. ఇంట్లో పనిమనిషితో ఎలా మాట్లాడతాడో, తల్లికి జ్వరమొస్తే ఎవరు గంజి కాస్తారో కనుక్కో" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. తరవాత మెల్లిగా అంది: "అయితే వదినా, రేపు మనవాడికి సంబంధం వచ్చి, ఆ పిల్ల తరఫువాళ్ళు ఇవే అడిగితే?"

మా మేనల్లుడు ఏటా తిరుపతి నడిచి వెడతాడు. తాగిన కాఫీ గ్లాసు మాత్రం ఏనాడూ తీసి సింకులో పెట్టి ఎరగడు.