కొరియర్ తప్పు బట్వాడా, పరిహారం

కొరియర్ సంస్థకు అప్పగించిన కవరు లేదా పార్సెలు చిరునామాలో ఉన్న మనిషికి కాకుండా మరొకరి చేతికి చేరడమే తప్పు బట్వాడా. పోవడం, పాడవడం, ఆలస్యం కావడం అనే మూడు ఫిర్యాదుల నుంచి దీన్ని విడిగా చూడాలి. వాడుకలో మాత్రం నాలుగూ కలిసిపోతాయి. ఇందులో వస్తువు భద్రంగానే ఉండవచ్చు, ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని పడి ఉండవచ్చు, రసీదు మీద ఎవరిదో సంతకం కూడా ఉండవచ్చు. అందాల్సిన మనిషికి అందలేదు, అంతే. అర్జెంటు కవరైతే వారం తర్వాత వెతికి తెచ్చిచ్చినా ఉపయోగం ఉండదు. టెండరు పెట్టె అప్పటికే తెరిచేసి ఉంటారు, వీసా ఇంటర్వ్యూ తేదీ దాటిపోయి ఉంటుంది.

ఇందుకు భారతదేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సరుకు రవాణాదారుల బాధ్యతను చెప్పే 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కలిపి చదువుకోవాలి. మూడూ ఒకే మాట చెప్పవు.

తెలుగు ప్రాంతాల్లో ఈ పొరపాట్లకు ఊళ్ల పేర్లూ కొంత కారణం. కొత్తపేట హైదరాబాద్‌లో ఉంది, గుంటూరులో ఉంది, కోనసీమలోనూ ఉంది. రామచంద్రాపురం అంటే ఒకరికి బీహెచ్ఈఎల్ పక్కన, మరొకరికి గోదావరి జిల్లాల్లో. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది ఈ తికమక తీర్చడానికే. పంపినవారే పిన్‌కోడ్‌ను గానీ ఇంటి నంబరును గానీ తప్పు రాస్తే సంస్థ మీద దావా దాదాపు నిలవదు. చిరునామా సరిగ్గా ఉన్నప్పుడే ఈ వ్యాసంలోని మిగతా చర్చకు అర్థం.

గ్లాస్టర్ పిండి మిల్లు

పరిహారం ఎంత అన్న ప్రశ్నకు మూలం ఇంగ్లండులోని ఒక పిండి మిల్లు. 1853 మేలో గ్లాస్టర్‌లో హాడ్లీ సోదరుల ఆవిరి మిల్లులో క్రాంక్‌షాఫ్ట్ విరిగింది. దాన్ని నమూనాగా పెట్టుకుని కొత్తది చేయాల్సిన కంపెనీ గ్రీనిచ్‌లో ఉంది. విరిగిన ముక్కను పిక్‌ఫర్డ్ అనే రవాణా సంస్థకు అప్పగించారు. అది చేరడం కొన్ని రోజులు ఆలస్యమైంది, అన్నాళ్లూ మిల్లు ఆగిపోయింది. జ్యూరీ మిల్లు యజమానుల పక్షాన నిలిచింది. 1854 ఫిబ్రవరిలో ఎక్స్‌చెకర్ కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. ‘హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్’గా ఇప్పటికీ న్యాయ విద్యార్థులు మొదట చదివే కేసుల్లో ఇదొకటి. సూత్రం సులువుగానే ఉంటుంది. ఒప్పందం తప్పినప్పుడు మామూలుగా కలిగే నష్టానికి పరిహారం ఇవ్వాలి. ప్రత్యేక నష్టం ఏదైనా ఉంటే, ఒప్పందం నాడే అవతలివారికి అది తెలిసి ఉండాలి.

తెలిసిందా లేదా అన్న దగ్గరే కథనాలు రెండుగా చీలుతాయి. కేసు నివేదిక తలకట్టులో, మిల్లు ఆగిందని, సరుకు వెంటనే పంపాలని పిక్‌ఫర్డ్ గుమస్తాకు చెప్పినట్టు ఉంది. తీర్పులో బేరన్ ఆల్డర్‌సన్ మాత్రం, అది మిల్లు షాఫ్ట్ అనీ, పంపుతున్నది మిల్లువాళ్లనీ తప్ప ఇంకేమీ చెప్పలేదని రాశారు. 1949లో విక్టోరియా లాండ్రీ కేసులో జడ్జి ఆస్క్విత్ తలకట్టు తప్పుదారి పట్టిస్తుందని తేల్చారు. గుమస్తాకు నిజంగా తెలిసి ఉంటే తీర్పు అటు వెళ్లేది కాదన్నది ఆయన తర్కం. ఆ వాదనే ఎక్కువ పొసగుతుంది.

ఇంతకంటే ఆసక్తికరమైనది భారత చట్టంలో ఉంది. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఈ మిల్లు కథే, ఒక్క మార్పుతో. యంత్రం పంపే వ్యక్తి, అది లేక తన మిల్లు ఆగిపోయిందని రవాణాదారుకు ముందే చెబుతాడు. రవాణాదారు అకారణంగా ఆలస్యం చేస్తాడు. మిల్లు నడిచి ఉంటే ఆ రోజుల్లో వచ్చే సగటు లాభం ఇతనికి దక్కాలని, ఆ ఆలస్యం వల్ల చేజారిన ప్రభుత్వ కాంట్రాక్టు నష్టం మాత్రం దక్కదని ఉదాహరణ చెబుతుంది. లండన్‌లో వివాదంగా మిగిలిన వాస్తవాన్ని ఇక్కడి చట్టం స్పష్టంగా రాసుకుని, చెప్పినవాడికి లాభం, చెప్పని నష్టానికి సున్నా అని తేల్చేసింది. కొరియర్ కౌంటరు దగ్గర ‘‘అర్జెంటండీ, కొంచెం చూడండి’’ అని నోటితో అనడానికీ, గడువు తేదీని బుకింగ్ స్లిప్పు మీద రాయించుకోవడానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

రసీదు వెనక చిన్న అక్షరాలు

73వ సెక్షన్ ఎంత ఉదారంగా ఉన్నా, చాలా కేసులు అక్కడిదాకా వెళ్లవు. కన్‌సైన్‌మెంట్ నోటు వెనక, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో, సంస్థ బాధ్యత ఫలానా మొత్తానికి మించదన్న షరతు ఉంటుంది. ఈ షరతు మీద ప్రధాన తీర్పు 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ‘భారతి నిట్టింగ్ కంపెనీ వర్సెస్ డీహెచ్ఎల్’. దుస్తుల ఎగుమతి కంపెనీ 1990లో జర్మనీలోని కొనుగోలుదారుకు కొరియర్‌లో పత్రాలు పంపింది. అవి చేరలేదు, సీజను దాటిపోయింది, సరుకు తక్కువ ధరకు పోయింది. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ రూ.4 లక్షల 29 వేలకు పైగా ఇవ్వమంది. జాతీయ కమిషన్ దాన్ని రసీదులో రాసిన 100 డాలర్లకు తగ్గించింది. సుప్రీంకోర్టు కూడా 100 డాలర్లే ఖాయం చేసింది. సంతకం పెట్టినవారు అందులోని షరతులకు కట్టుబడాలని, వాస్తవాల మీద తీవ్ర వివాదం ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లమనాలని చెప్పింది.

ఆ తీర్పుకు హద్దులున్నాయి, వాటిని సంస్థల తరఫు వాదనల్లో తరచూ దాటవేస్తారు. అక్కడ పంపినవారి సంతకం ఉంది. పంపింది వ్యాపార సంస్థ. షరతు చదవలేదని చెప్పుకునే స్థితిలో లేదు. సంతకమే లేని రసీదులకు, సామాన్యులు పంపిన కవర్లకు అదే కొలత వేయకూడదన్న అభిప్రాయం వినియోగదారుల కమిషన్లలో తర్వాత గట్టిగానే వినిపించింది. మద్రాసు హైకోర్టు 1960లలోనే ఒక లాండ్రీ రసీదు కేసులో, పోయిన బట్టకు మార్కెట్ ధరలో కొంత శాతమే ఇస్తామన్న ముద్రిత షరతు ప్రజాహితానికి విరుద్ధమని కొట్టేసింది. చాకలి చీటీకి వర్తించిన నీతి కొరియర్ చీటీకి ఎందుకు వర్తించదన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇంకా రాలేదు.

పైగా పోవడం వేరు, తప్పు చేతికి ఇవ్వడం వేరు. 1959లో సింగపూర్ నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లిన కేసులో, రాంబ్లర్ సైకిల్ కంపెనీ సరుకును ఓడ ఏజెంట్లు బిల్లు ఆఫ్ లేడింగ్ చూడకుండానే విడుదల చేశారు. సరుకు దిగాక తమ బాధ్యత పూర్తిగా ముగుస్తుందన్న షరతును అడ్డం పెట్టుకున్నారు. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే దారిన పోయేవాడికి సరుకిచ్చినా బాధ్యత ఉండదని, ఒప్పందం అసలు ఉద్దేశమే దెబ్బతింటుందని కోర్టు దాన్ని కుదించి చదివింది. అది తెలిసి చేసిన పని. డెలివరీ బాయ్ పక్కింట్లో ఇచ్చేసి వెళ్లడం అంత దూరం వెళ్లదు. అయినా, ఓటీపీ అడగకుండా, పేరు సరిచూడకుండా ఇచ్చిన సందర్భాల్లో వాదనకు ఈ తీర్పు చక్కగా పనికొస్తుంది.

క్యారేజ్ బై రోడ్ చట్టం

1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఇంటి నుంచి ఇంటికి పత్రాలు, వస్తువులు చేరవేసే కొరియర్ ఏజెన్సీలను అందులోని ‘కామన్ క్యారియర్’ నిర్వచనంలో పేరుపెట్టి చేర్చారు. ప్రభుత్వాన్ని మినహాయించారు. ఎక్కువ రిస్కు రేటు కట్టకపోతే సంస్థ బాధ్యత నిబంధనల్లో చెప్పిన పరిమితికి, అంటే రవాణా చార్జీకి పది రెట్లకు, ఆగుతుంది. నిర్లక్ష్యాన్ని నిరూపించే భారం పంపినవారి మీద ఉండదు. పాత చట్టంలోనూ ఇదే ఉండేది; వినియోగదారుల కమిషన్లలో కూడా ఆ సూత్రం వర్తిస్తుందని 2000లో పటేల్ రోడ్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చాలామంది ఓడిపోయేది నోటీసు దగ్గర. పోయిన లేదా పాడైన సరుకు కోసం దావా వేయాలంటే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. కస్టమర్ కేర్‌కు చేసిన ఫోన్లు లెక్కలోకి రావు. తప్పు బట్వాడా ‘పోవడం’ కిందికి వస్తుందా రాదా అని తర్వాత వాదించుకోవచ్చు గానీ, నోటీసు ఇచ్చి ఉంచితే నష్టం లేదు.

తపాలా శాఖ

1898 నాటి పోస్టాఫీసు చట్టం 6వ సెక్షన్ పోవడం, తప్పు బట్వాడా, ఆలస్యం, పాడవడం అనే నాలుగింటికీ ప్రభుత్వానికి రక్షణ ఇచ్చింది. ఉద్యోగి మోసంతోనో, కావాలనో చేస్తే తప్ప అతనూ బాధ్యుడు కాడు. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన 2023 చట్టంలోనూ ఆ రక్షణ సారం కొనసాగింది. 1986 ఆగస్టు 1న మొదలైన స్పీడ్‌పోస్టుకు మాత్రం చాలాకాలం వేరే హామీ ఉండేది: ఆలస్యమైతే చార్జీ వాపసు, పోతే చార్జీకి రెట్టింపు లేదా రూ.1,000, రెండింటిలో ఏది తక్కువైతే అది.

విదేశాలకు

అమెరికాలోని పిల్లలకు ఆవకాయ, విశ్వవిద్యాలయాలకు ట్రాన్స్‌క్రిప్టులు పంపే తెలుగు ఇళ్లకు వర్తించేది 1999 మాంట్రియల్ ఒప్పందం. భారత్‌లో 2009 నుంచి అమల్లో ఉంది. విమాన సరుకుకు బాధ్యత కిలోల లెక్కన ఉంటుంది. అంతర్జాతీయంగా 2024 డిసెంబరు 28న సవరించిన పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్. ఆ లెక్కన 200 గ్రాముల ట్రాన్స్‌క్రిప్టు కవరు విలువ ఐదు ఎస్‌డీఆర్‌ల పైచిలుకు, పది కిలోల పచ్చళ్ల పెట్టెది 260. కాగితం విలువ బరువులో ఉండదన్న సంగతి ఈ ఒప్పందానికి పట్టదు. బుకింగ్‌లోనే ప్రత్యేక విలువ ప్రకటించి, అడిగితే అదనపు చార్జీ కడితే ఆ పరిమితి వర్తించదు. ఆలస్యం మీద ఫిర్యాదు 21 రోజుల్లో, దావా రెండేళ్లలో వేయాలి.

కమిషన్ ముందు

సాధారణ ఫిర్యాదులు ఎక్కువగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాయి. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఒక పెద్ద ఇబ్బంది తీర్చింది: ఫిర్యాదుదారు తానుండే ఊళ్లోనే వేయవచ్చు, సంస్థ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా సరే. చార్జీ కట్టింది పంపినవారైనా, వారి అనుమతితో సేవ పొందాల్సిన గ్రహీత కూడా వినియోగదారే. సేవకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. రసీదులో ఆర్బిట్రేషన్ షరతు ఉందని సంస్థ అభ్యంతరం చెప్పినా కమిషన్ వినవచ్చు. 2000లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పిన వ్యాజ్యం కూడా ఒక కొరియర్ సంస్థదే, స్కైపాక్. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవారిని 2003లో అమల్లోకి వచ్చిన సవరణ బయట పెట్టింది కాబట్టి, భారతి నిట్టింగ్ లాంటి కంపెనీ ఈరోజు వస్తే ముందు తాను వినియోగదారునని నిరూపించుకోవాలి.

సాక్ష్యంగా నిలిచేది డెలివరీ రుజువు పత్రం. ఎవరు తీసుకున్నారు, ఏ సమయంలో, ఏ సంతకం లేదా ఓటీపీతో అన్నది సంస్థ నుంచి రాతలో రాబట్టాలి. ట్రాకింగ్ పేజీని అదే రోజు స్క్రీన్‌షాట్ తీసుకోవడం మంచిది.

2019 చట్టం ‘అన్యాయమైన కాంట్రాక్టు’ను కొత్తగా నిర్వచించింది. ఏకపక్ష షరతులను ప్రశ్నించడానికి ఇదే సూటి దారి. కానీ ఆ ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్‌కూ, జాతీయ కమిషన్‌కూ మాత్రమే ఇచ్చారు. నాలుగు వందల రూపాయల చార్జీ కట్టిన కవరు కోసం ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో, శ్రీకాకుళం నుంచి విజయవాడకో వెళ్లి రసీదు వెనక షరతును సవాలు చేసేవారు అరుదు. అందుకే 100 డాలర్ల నాటి షరతు, డాలరు స్థానంలో రూపాయి మారినా, ఇప్పటికీ బుకింగ్ స్లిప్పుల వెనక అచ్చవుతూనే ఉంది.