పత్తి చేలో మొక్కు

చిలకలూరిపేట ప్రాంతానికి హేతువాదం గాలి సోకలేదని ఎవరూ అనలేరు. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను నిలదీసింది తెనాలిలోనే. గోరా 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం, 1947లో విజయవాడకు చేరింది. అయినా మహాశివరాత్రికి పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల నుంచి కోటప్పకొండకు ప్రభలు కదులుతూనే ఉన్నాయి. జనరేటర్లూ విద్యుద్దీపాలూ వచ్చి వాటికి హంగు పెంచాయి తప్ప మొక్కు తగ్గించలేదు.

చదువులేకనే ఇదంతా అనడం తేలిక. చరిత్ర అలా చెప్పదు.

ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసమే మారారన్న మాట వస్తుందని కరువు సాయం సాగినన్నాళ్లూ ఆయనే బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. ఊరు దూరం పెట్టినవాళ్లకు, దగ్గరకు రానిచ్చిన దేవుడు కావలసివచ్చాడు. దాన్ని మూఢనమ్మకమనడానికి నాకు నోరు రాదు.

మెట్ట రైతు భయం వేరు. వాన పడకపోతే ఊరంతా కూడి విరాటపర్వం చదివించేది, కప్పలకు పెళ్లి చేసేది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక, కాలువ అందిన పొలాల్లో ఆ భయం కాస్త సద్దుమణిగింది. ట్రోబ్రియాండ్ దీవుల్లో మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ గమనించింది ఇలాంటిదే: మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రం అక్కర్లేదు, నడిసంద్రంలోకి వెళితేనే మంత్రం. అయితే మన రైతును కాలువ ఒడ్డుకు చేర్చిందా? లేదు. హైబ్రిడ్ పత్తి ఎక్కించుకుని మరింత లోతుకు తీసుకెళ్లింది.

సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మొదట్లో కాయతొలుచు పురుగును మాయ చేసినట్టు చంపాయి. పురుగుతోపాటు దాన్ని తినే మిత్రకీటకాలూ పోయాయి. 1987–88లో గుంటూరు, ప్రకాశం చేలను తెల్లదోమ కమ్మేసింది. అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అద్భుతం చేస్తానని ముందు మాట ఇచ్చింది ఇక్కడ దేవుడు కాదు, పురుగుమందు డబ్బా. 2002లో బీటీ పత్తికీ అంతే ఆశపడ్డారు. గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. 2021లో మిరపపై నల్ల తామర పురుగు పడ్డప్పుడు మందు మీద మందు కొట్టారు, తోటలు పీకేశారు.

అందుకే రైతు మందుల కొట్టుకూ వెళతాడు, కొండకూ వెళతాడు. ఒకటి రెండోదానికి అడ్డని అతనికి తోచదు. కౌలు రైతుకైతే మరీను. భూమి కాగితాలు ఆసామి పేరున ఉంటాయి కనుక బ్యాంకు అప్పూ, పంట నష్టపరిహారమూ అతని దాకా రావడం కష్టం. మొక్కు చెప్పుకోవడానికి మాత్రం కొండమీది కోటయ్యస్వామి పట్టాదారు పాస్‌బుక్కు అడగడు.