ప్యాకింగ్ మీద పేస్టు: కామారెడ్డి, ఎల్లారెడ్డి షెడ్లలో ఒక అలవాటు కథ

ఇంజిన్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు ప్యాకింగ్‌కు (గాస్కెట్‌కు) పేస్టు పూయాలా వద్దా? కామారెడ్డిలో అడిగినా, ఎల్లారెడ్డిలో అడిగినా షెడ్డుకో జవాబు వస్తుంది. పూయకపోతే ఆయిల్ కారి బండి మళ్లీ నా దగ్గరికే వస్తుందని ఒకరంటారు. కంపెనీ ప్యాకింగ్ వేశాక పేస్టు ఎందుకు, దండగ అని ఇంకొకరంటారు. నా మటుకు నాకు రెండో మాటే సరైనదనిపిస్తుంది. అయినా మొదటి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆ అలవాటు తెలియనితనంలో పుట్టలేదు, సామాను దొరకని రోజుల్లో పుట్టింది. ఆ రోజులు పోయాయి, ఇంజిన్లూ మారాయి, అలవాటు మాత్రం చేతిలో ఉండిపోయింది.

రెండు లోహపు ముఖాలను ఎంత నున్నగా చెక్కినా వాటి నడుమ కంటికి కనపడని సందు మిగులుతుంది. ఆవిరి యంత్రాల కాలంలో ఆ సందు పూడ్చడానికి సిందూరాన్ని అవిసె నూనెలో ముద్దగా కలిపి పూసేవారు. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియాలో రిచర్డ్ క్లింగర్ ఆస్‌బెస్టాస్ పీచును రబ్బరుతో కలిపి ఒత్తి రేకులు తయారుచేశాక, వేడికీ ఒత్తిడికీ తట్టుకునే ప్యాకింగ్ ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఇటు మన ప్రాంతానికి యంత్రాలు వచ్చిన తీరు చూస్తే, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు మీటరుగేజీ రైలు కామారెడ్డి మీదుగా వెళ్లింది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. మరుసటి ఏడాది నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. కాలువ కింద చెరకు, వరి పెరిగాక గిర్నీలకూ మిల్లులకూ ఆయిల్ ఇంజిన్లు అవసరమయ్యాయి. మోటారు సైకిళ్లు రాకముందే ఇక్కడ ఇంజిన్ విప్పే చేతులు తయారై ఉన్నాయి.

బుల్లెట్ తయారీ మద్రాసులో 1955లో మొదలైంది. 1960ల తొలినాళ్లలో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చాయి. లైసెన్సుల రాజ్యంలో బండి కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు, ఇక ప్యాకింగ్ సెట్టు సంగతి చెప్పేదేముంది! హైదరాబాద్ వెళ్లే ఎవరికో చెప్పి తెప్పించుకోవాలి. ఎల్లారెడ్డి అవతలి ఊళ్లలో బండి చెడితే కామారెడ్డి రావడానికే ఒక పూట పోయేది. అందుకే ఉస్తాద్‌లు ప్యాకింగ్ తామే కోసుకున్నారు.

ఆ పని చూసి తీరవలసిందే. క్లచ్ కవర్‌ను బోర్లించి, అంచు మీద మందపాటి కాగితం పరిచి, ఎడమ చేత్తో కదలకుండా నొక్కి పడతారు. సుత్తి గుండు వైపుతో అంచు వెంబడి చిన్నగా కొట్టుకుంటూ పోతే, లోహపు పదును దగ్గర కాగితం దానంతటదే తెగుతుంది. బోల్టు రంధ్రం మీద పాత బేరింగ్ గుండు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా చిల్లు పడుతుంది. ముందుగా ఎదురెదురుగా రెండు చిల్లులు పొడిచి బోల్టులు దూర్చి, కాగితం జరగకుండా చేసుకుంటారు. ఆయిల్ పేపర్ దొరకనప్పుడు పెండ్లి పత్రిక అట్టతోనూ పని గడిచేది. అయితే అట్ట ఆయిల్ పీల్చుకుంటుంది, దాని మందం అంతటా ఒకేలా ఉండదు. అందుకని రెండువైపులా షెల్లాక్ పూసేవారు. లక్కను స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చే ఆ చిక్కటి ద్రవం పశ్చిమ దేశాల వర్క్‌షాపుల్లోనూ అప్పుడు మామూలే. తీసిన పాత ప్యాకింగ్‌నే మళ్లీ వేయాల్సి వచ్చినా అదే దిక్కు. ఆ కాగితానికి ఆ పూత అవసరం. అప్పటి ఉస్తాద్ చేసింది సరైన పనే.

రాజ్‌దూత్, జావా ఇంజిన్లు టూ స్ట్రోక్‌వి. వాటిలో పెట్రోలు, గాలి మిశ్రమం ముందు క్రాంక్ కేస్‌లోకే వచ్చి అక్కడ ఒత్తిడికి గురై పైకి వెళుతుంది. క్రాంక్ కేస్ అతుకులోంచో, బోరు కింది ప్యాకింగ్ దగ్గరనుంచో గాలి లోపలికి దూరితే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో ప్యాకింగ్ పోతే ఆయిల్ మరక పడుతుంది, టూ స్ట్రోక్‌లో పోతే బోరు చేయించాల్సి వస్తుంది. ఒక్కసారి ఆ ఖర్చు చూసినవాడు ఇంకోసారి షెల్లాక్ డబ్బా మరిచిపోడు. పూత లేకుండా బిగించకూడదన్న నియమం అలా చేతికి అబ్బిందని నా నమ్మకం.

బుల్లెట్ దారి వేరు. దాని క్రాంక్ కేస్ రెండు సగాల మధ్య ప్యాకింగే లేదు, పూతతోనే అతకాలి. టైమింగ్ కవర్‌కు మాత్రం కాగితపు ప్యాకింగ్ ఉంది, పైగా ఆయిల్ ఆ కవర్‌లోంచే క్రాంక్‌కు వెళుతుంది. పేస్టు ఎక్కువై ఆ చిన్న దారి మూసుకుపోతే కనెక్టింగ్ రాడ్ కింది కొస (బిగ్ ఎండ్) ఎండిపోయి కొట్టుకోవడం మొదలవుతుంది. ఒకే ఇంజిన్‌లో ఒకచోట పూత తప్పనిసరి, ఇంకోచోట ప్రమాదం. బుల్లెట్ ఆయిల్ కారుతుందని అందరూ అంటారు గానీ, చాలాసార్లు తప్పు ప్యాకింగ్‌ది కాదు. రింగులు అరిగి లోపల గాలి ఒత్తిడి పెరిగినా, గాలి బయటికి వదిలే బ్రీదర్ మూసుకుపోయినా ఆయిల్ ఎక్కడో ఒకచోట తోసుకుని వస్తుంది. అప్పుడు ఎంత పూసినా లాభం లేదు.

1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 రెండూ వచ్చాయి. అసలు మలుపు అదే. అల్యూమినియం కవర్ల ముఖాలు సమంగా చెక్కి వచ్చాయి, ప్యాకింగ్ మందం లెక్క ప్రకారం వచ్చింది. ఆర్‌ఎక్స్ 100 క్రాంక్ కేస్ సగాల మధ్య కాగితం లేదు, పూతతోనే మూయమని కంపెనీయే చెప్పింది. సీడీ 100లో కవర్లకూ, బోరుకూ, హెడ్‌కూ ప్యాకింగులు ఇచ్చారు. వాటికి పూత అక్కర్లేదు. ముఖం శుభ్రంగా తుడిచి, పొడిగా వేసి, ఎనిమిదో నంబరు బోల్టులను ఎదురెదురుగా, సమంగా బిగిస్తే చాలు. ఆ బోల్టులకు 10, 12 న్యూటన్ మీటర్ల బిగువు మించకూడదు. కారుతోందని టీ పానాతో బలం కొద్దీ తిప్పితే అల్యూమినియం మర పోతుంది, కవర్ వంగుతుంది. ఆ వంపును కప్పడానికి మళ్లీ పేస్టు!

సరిగ్గా ఈ కాలంలోనే షెల్లాక్ స్థానంలోకి సిలికాన్ ట్యూబులు వచ్చాయి. 1940లో జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజిన్ రోకో సిలికాన్ తయారీకి తేలిక దారి కనిపెట్టాక పుట్టిన సరుకు ఇది. గాలిలోని తేమతో గట్టిపడి రబ్బరులా మారుతుంది. ట్యూబు చేతికి అందాక పాత నియమం మరీ బలపడింది. షెల్లాక్ పల్చటి పొర, సిలికాన్ లావుపాటి తీగ. కవర్ బిగించినప్పుడు బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. బయటిది గుడ్డతో తుడుస్తారు, లోపలిది ఎవరికీ కనిపించదు. సీడీ 100లోనూ, దాని వెంట వచ్చిన స్ప్లెండర్‌లోనూ కాగితపు ఆయిల్ ఫిల్టర్ లేదు. అడుగున ఒక జాలి, క్రాంక్ కొసన తిరుగుతూ మురికి పట్టే ఫిల్టర్, అంతే. క్లచ్ కవర్ విప్పి ఆ జాలి లాగితే ఊడిన సిలికాన్ సేమ్యా ముక్కల్లా బయటపడుతుంది. జాలి మూసుకుంటే పంపుకు ఆయిల్ అందదు. హెడ్‌కు ఆయిల్ వెళ్లే దారి బోరు పక్కన స్టడ్ రంధ్రంలోంచి, కింది ప్యాకింగ్‌ను దాటుకుని పోతుంది. అక్కడ పేస్టు పడితే ముందు పోయేది పైనున్న క్యామ్ షాఫ్టే.

ఆరబెట్టే ఓపిక ఇంకో చిక్కు. సిలికాన్ పైపొర కొద్ది నిమిషాల్లోనే కట్టినా, లోపలిదాకా గట్టిపడటానికి దాదాపు 24 గంటలు కావాలి. ఎండాకాలం పొడిగాలిలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. "రేపు పొద్దుగాల రా అన్నా, ఇయ్యాల్నే తోల్తే ఇది నిల్వదు" అని ఉస్తాద్ చెబుతాడు. "ఇయ్యాల లింగంపేట పోయేదుంది, ఎట్లనన్న చేసియ్యి ఉస్తాద్" అంటాడు బండి యజమాని. పచ్చిగా ఉండగానే ఇంజిన్ స్టార్టవుతుంది. వారం తిరక్కుండా చెమ్మ కనపడితే పేస్టు తక్కువైందనుకుంటారు, మళ్లీ విప్పి ఇంకా దట్టంగా పూస్తారు. ఇందులో మెకానిక్‌ను ఒక్కణ్నే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. షెడ్డులో రాత్రంతా బండి నిలిపితే కూలి పెరగదు, తొందరపెట్టేది మనమే.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమలయ్యాక స్ప్లెండర్‌కూ పెట్రోలు ఇంజెక్షన్, సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ వచ్చాయి. పుల్లటి వాసన కొట్టే చవక సిలికాన్ ఆరుతూ వదిలే ఆవిర్లు ఇంజిన్ గుండా వెళ్లి ఆ సెన్సార్‌ను పాడుచేయగలవు. ఒకప్పుడు ఆయిల్ మరకతో పోయే తప్పు ఇప్పుడు ఖరీదైన భాగం మీద పడుతోంది. కొత్త బండ్లకు పూత మొత్తం మానమని కాదు. క్రాంక్ కేస్ సగాలు కలిసే గీత వచ్చి బోరు ప్యాకింగ్‌కు తగిలే చోట ఒక చుక్క పెట్టమని కొన్ని సర్వీస్ మాన్యువళ్లే చెబుతాయి. చెప్పినచోట, చెప్పినంత. హెడ్ ప్యాకింగ్‌కు అసలే వద్దు. అక్కడి మంటకూ ఒత్తిడికీ ఏ సిలికానూ నిలవదు.

పాత బండ్ల సంగతికి వస్తే మళ్లీ లెక్క మారుతుంది. జావాలూ రాజ్‌దూత్‌లూ ముచ్చటపడి బాగుచేయించుకునే కుర్రాళ్లు ఇప్పుడు కనపడుతున్నారు. వాటి ప్యాకింగులు మళ్లీ అరుదైపోయాయి. అక్కడ సుత్తి, బేరింగ్ గుండు విద్యకు ఇంకా పని ఉంది. ఇప్పుడు మంచి ఆయిల్ పేపర్ దొరుకుతుంది గనుక పెండ్లి పత్రిక అక్కర్లేదు, పాతదాని మందం కొలిచి అంతే మందం తెచ్చుకోవాలి. బోరు కింది ప్యాకింగ్ పల్చనైతే పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందు తగ్గుతుంది. టూ స్ట్రోక్ క్రాంక్ కేస్‌కు పెట్రోలుకు ఓర్చే పూత అడగాలి, మామూలు సిలికాన్ పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది. ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఆ కాలపు ప్యాకింగుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంది. మన దేశంలో దాని వాడకం నేటికీ పూర్తిగా నిషేధం కాలేదు. పని నేర్చుకునే పిల్లగాడి చేతికి వైర్ బ్రష్ ఇచ్చి పొడిగా గీకించకండి, ఊది దులపనివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. డీజిల్‌తోనో ఆయిల్‌తోనో బాగా తడిపి, నానాక మెల్లగా బ్లేడుతో తీసి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.