మేఘా గన్నె గెలుపు, మన గల్లీ ఆడపిల్లలు

కామాఠీపుర చరిత్ర రాయమంటే మనం మగవాళ్ల పేర్లతోనే మొదలుపెడతాం. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయి కట్టడాలకు రాయీ సున్నం మోసిన కామాటీల పేరే ఈ పేటకు నిలిచింది. వాళ్లలో గుత్తేదారులుగా ఎదిగిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ, వ్యంకు బాళాజీ కాళేవార్ జోతిరావు ఫూలేకు అండగా నిలిచారు, సత్యశోధక సమాజానికి అచ్చుయంత్రం సమకూర్చారు. 1848లో పూణేలో ఆడపిల్లలకు బడి తెరిచిన మనిషి ఫూలే. ఆయన పక్కన నిలబడిన పెద్దల వారసులం కనుక, ఈ ఉత్సవ సంచికలో ఒక అమ్మాయి గోల్ఫ్ ఆట గురించి రాయడం నా బాధ్యత అనుకున్నాను.

ఆ అమ్మాయి మేఘా గన్నె. ఇంటిపేరు వినగానే మన చాళ్లలో ఎవరికైనా చెవి నిక్కుతుంది. పెరిగింది అమెరికాలో, న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒలింపిక్ క్లబ్‌లో జరిగిన యు.ఎస్. విమెన్స్ ఓపెన్‌లో, పదిహేడేళ్ల బడిపిల్లగా తొలిరోజు 67 దెబ్బలకే ఆట ముగించి అగ్రస్థానం పంచుకుంది. చివరిరోజు ఆఖరి బృందంలో లెక్సీ థాంప్సన్, యూకా సాసోలతో కలిసి ఆడింది. ఆ రోజు ఆట సాగలేదు, 77 పడింది. అయినా అమెచ్యూర్లందరిలో ముందుంది. నాకు 67 కంటే ఆ 77 గొప్పగా తోస్తుంది, అంతమంది కళ్లెదుట పోగొట్టుకున్నది మనసులో పెట్టుకుని మళ్లీ నాలుగేళ్లు సాధన చేసింది కదా! స్టాన్‌ఫర్డ్ విద్యార్థినిగా, 2025 ఆగస్టు 10న ఒరెగాన్‌లోని బాండన్ డ్యూన్స్‌లో, యు.ఎస్. విమెన్స్ అమెచ్యూర్ పోటీ 36 హోళ్ల ఫైనల్లో బ్రూక్ బీర్‌మన్‌ను ఓడించింది. ఇంకా 3 హోళ్లు ఉండగానే 4 హోళ్ల ఆధిక్యం దక్కింది. ఆ పోటీ 1895లో 13 మంది స్త్రీలతో మొదలైంది.

ఆమెకు దారి చూపిన వాటిలో ఫస్ట్ టీ ఒకటి. క్లబ్ సభ్యత్వం లేని పిల్లల్ని కూడా ఆటలోకి తేవడానికి 1997లో అమెరికాలో మొదలైన కార్యక్రమం అది. దాని న్యూయార్క్ శాఖలో మేఘ నేర్చుకుంది.

మన దగ్గరా గోల్ఫ్ మైదానం ఉంది. కామాఠీపుర నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, తాడ్‌దేవ్ వైపు విల్లింగ్డన్ క్లబ్. గోడ ఇవతల మనది పదడుగుల ఖోలీ. వర్లీ బీడీడీ చాళ్లలో మిల్లు పద్మశాలీల కుటుంబానికి దక్కింది 160 చదరపు అడుగులే. క్యారమ్ బోర్డు వరండాలో మగపిల్లలది, నీళ్ల బిందె ఆడపిల్లది. దాదర్‌లో ఆంధ్ర మహాసభ తన పేరులోనే జింఖానా అని పెట్టుకుంది. సంఘమంటే సభలూ సన్మానాలే కాదు, ఆట కూడా అని ఆ పెద్దలు తలచారన్నమాట.

గోల్ఫే ఆడించమని నా కోరిక కాదు. మైదానం మనకు దొరకదు. కానీ సంఘం హాలు ఉంది, పెళ్లిళ్లు లేని సాయంత్రాలు ఉన్నాయి. ఆ సాయంత్రాలు ఆడపిల్లలకు రాసిపెట్టండి. క్యారమ్, చదరంగం, టేబుల్ టెన్నిస్, ఏదైనా సరే. తల్లులు వచ్చి కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేయండి, నేర్పే మనిషికి జీతం ఇవ్వండి. ఈసారి వసూలైన చందాలో మొదటి ఖర్చుగా దీన్ని కార్యవర్గం చిట్టాలో రాయాలి.